చోకు ఎప్పుడు వేయవలెను, ఎప్పుడు తీయవలెను

మిర్యాలగూడ రైసుమిల్లుల యెదుటను, కోదాడ బస్టాండు ప్రక్కనున్న చాయ దుకాణముల కడను, సూర్యాపేట కూరగాయల మార్కెట్టు దారిలోను పుష్యమాసపు వేకువను కొంతసేపు నిలిచి చెవియొగ్గినవారికి, కిక్కు మీద కిక్కు కొట్టుచు బండితో వాదులాడుకొను మనుష్యుల చప్పుడు తప్పక వినవచ్చును. 2020 ఏప్రిల్ 1న బీయస్-6 నిబంధనలు అమలునకు వచ్చిన పిదప క్రొత్త ద్విచక్రవాహనములలో దాదాపు అన్నిటికిని కార్బొరేటరు తొలగి, పెట్రోలు ఎంత చిమ్మవలెనో తానే లెక్కించుకొను ఎలక్ట్రానిక్ ఏర్పాటు వచ్చినది. అయినను పాలక్యానులు మోయు పాత టీవీయస్ మోపెడ్లు, తండ్రి వాడి కొడుకున కిచ్చిన స్ప్లెండర్లు, పెండ్లినాడు వచ్చి నేటికిని ఇల్లు విడువని చేతక్ స్కూటర్లు ఈ మూడూళ్లలో ఇంకను తిరుగుచునే యున్నవి. వానిని తోలువారిలో పెక్కురకు చోకు అనునది బండి మొరాయించినపుడు లాగి చూచు ఒక పిడి మాత్రమే. దాని పని తెలిసికొనుట మెకానిక్కు వంతు మాత్రమే కాదనియు, తోలువాని వంతు కూడననియు నా యభిప్రాయము.

పిస్టను కదలునపుడు పుట్టు పీల్పునకు బయటి గాలి కార్బొరేటరులోనికి దూసికొనివచ్చి, నడుమ ఇరుకైన చోట వేగము హెచ్చి ఒత్తిడి తగ్గుటచే, క్రింది గిన్నెలోని పెట్రోలు సన్నని జెట్టు గుండ పైకెగసి తుంపరయై గాలిలో కలియును. తూకములో ఒక వంతు పెట్రోలునకు సుమారు 14.7 వంతుల గాలి యున్నచో అది పూర్తిగా మండును. కాని మండునది ద్రవము కాదు, ఆవిరి. చల్లారిన ఇంజనులో పెట్రోలునందలి తేలిక భాగములే ఆవిరియై, తక్కినది బొట్లుగా గోడలనంటి నిలిచిపోవుటచే, ప్లగ్గు కడకు చేరు మిశ్రమము పలుచనై నిప్పురవ్వ నందుకొనజాలదు. అప్పుడు గాలి వచ్చు ద్వారమునకు రేకుబిళ్లను అడ్డుపెట్టినచో పీల్పంతయు జెట్టు మీదనే పడి పెట్రోలు మిక్కుటముగా వచ్చును. అందులో ఆవిరియగునది స్వల్పమే యైనను అంటుకొనుటకు చాలును; ఇదియే చోకు పని. చేతక్ వంటి స్కూటర్లలో ఆ రేకు ఉండదు. పిడి లాగగనే అదనపు పెట్రోలునకు వేఱొక చిన్న దారి తెఱచుకొనును. యాక్సిలరేటరు మూసియున్నపుడే ఆ దారి చక్కగా పనిచేయును గనుక, ఒకచేత పిడి లాగి వేఱొకచేత ఆతురతతో యాక్సిలరేటరు తిప్పువాడు తన శ్రమను తానే చెఱుపుకొనుచున్నాడు.

ఇంజను వేడెక్కిన పిదప చోకు తీయకపోవుటయే మన వాడుకలోని పెద్ద దోషము. నల్లని పొగ, మసిపట్టిన ప్లగ్గు, పడిపోయిన మైలేజి దాని ఫలములు. ఫోర్‌స్ట్రోకు బండ్లలో మండక మిగిలిన పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెపొరను కడిగి, ఇంజనాయిలులో దిగి, దానిని సైతము పలుచన చేయును. వేడి బండికి చోకు వేసి ప్లగ్గు తడిపినవాడు చోకు తీసివేసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పిపట్టి నాలుగైదు కిక్కులు కొట్టవలెను. అప్పటికిని కాకున్న ప్లగ్గు విప్పి తుడిచి ఆరబెట్టుకొనవలెను. ఇక చోకు సగము వేసిననే నడుచు బండి యొక సంగతి చెప్పుచున్నది: జెట్టులో నలుసు పడినదో, కార్బొరేటరునకు ఇంజనునకు నడుమనున్న రబ్బరు పగిలి గాలి లాగుచున్నదో చూడుమని. దానిని వినక సగము చోకుతోనే సంవత్సరములు గడపు సహనశీలురు మనలో కలరు! మిల్లుల చుట్టు ఊకధూళిలోను, మేళ్లచెఱువు సిమెంటు దుమ్ములోను తిరుగు బండ్లకు ఇందుకు విపరీతమైన జబ్బు వచ్చును. ఎయిర్‌ఫిల్టరు పూడుకొనిపోయి గాలి అందక, చోకు వేయకున్నను వేసినట్లే పెట్రోలు త్రాగుచుండును.

ఇటీవల బంకులలో దొరకునది 20 శాతము వఱకు ఇథనాలు కలిసిన పెట్రోలు. ఇథనాలులో ఆక్సిజను ముందే యుండుటచే దానికి కావలసిన గాలి తక్కువ. ఆవిరియగుటకు కావలసిన వేడిమి ఎక్కువ. కొలతగా తొలిచిన పాత జెట్టునకు ఈ మార్పు తెలియదు గనుక మిశ్రమము కొంత పలుచనై, చల్లని బండికి చోకు అక్కఱ హెచ్చును. క్రొత్త ఇంధనము తెచ్చిన ప్రభుత్వము ఈ చిన్న సంగతిని బంకు గోడ మీద తెలుగులో వ్రాయించి యుండవలసినది.

పదునైదేండ్లు నిండిన సొంత వాహనమునకు రిజిస్ట్రేషను పొడిగింపు కావలెనన్న అధికారి బండిని పరీక్షించును. అయితే బండి ఇంటినుండి నడిచియే వచ్చును. వచ్చునప్పటికి ఇంజను వేడెక్కి యుండును. చోకు పనిచేయునో లేదో, యజమానికి దాని వాడుక వచ్చునో రాదో అక్కడ ఎవరికిని అక్కఱలేకపోవును. దరఖాస్తుదారు వరుసలో నిలువబడక తప్పదు గదా. ఆ లోపల బండిని నీడన ఆపి చల్లారనిచ్చి, వాని వంతు వచ్చినపుడు మొదట చల్లని ఇంజనునే స్టార్టు చేసి చూపుమనవచ్చును.