ఆడించే చేతికి కట్టు కట్టడమూ తెలియాలి



ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో కప్పులు గెలిచినవాళ్ళ ఫొటోలు వేస్తారు. సంతోషమే. కానీ ఆడుతూ దెబ్బ తగిలించుకున్నవాళ్ళ గురించి ఎక్కడా ఒక్క ముక్క ఉండదు. ఈసారి వాళ్ళ గురించి రాయాలనిపించింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జోనల్ పోటీల్లో కబడ్డీ కూతకు వెళ్ళి, వెనక్కి తిరిగేటప్పుడు కుడి చీలమండ మడతపడింది. "ఏం కాదు, నాలుగడుగులు నడిస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు పెద్దవాళ్ళు. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో నేనూ నొప్పి దాచాను. రాత్రి హాస్టల్లో వేడినీళ్ళు పోసి, బామ్ రాసి గట్టిగా తోమారు. తెల్లారేసరికి కాలు ఇంతలావు వాచింది. మూడు వారాల తర్వాత ఎక్స్‌రే తీస్తే ఎముక చిట్లిందన్నారు. మళ్ళీ నేను కూతకు వెళ్ళలేదు. తోమినవాళ్ళది ప్రేమే. తెలియకపోవడమే తప్పయింది.

మా రూములోనే ఇంకో మిత్రుడు ఉండేవాడు. పోలియో వల్ల ఒక కాలు సన్నబడింది, కానీ చేతుల్లో మంచి బలం. షాట్‌పుట్ గుండును మా అందరికంటే దూరం విసిరేవాడు. పోటీల రోజు మాత్రం వాడికి గుండు ఇవ్వలేదు, స్కోరు పుస్తకం ఇచ్చారు. "పడితే ఎవరు బాధ్యత?" అన్నారు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ వాడు మా పాయింట్లు రాస్తూనే ఉన్నాడు.

ఈ రెండూ వేరువేరు కథలు కావు. దెబ్బ తగిలితే చూసే ఏర్పాటు లేనిచోట, ఆడేవాడు మధ్యలో ఆట మానేస్తాడు. వైకల్యం ఉన్నవాడు అసలు మైదానంలోకే రాడు. క్రీడా వైద్యం అంటే పెద్ద పెద్ద ఆటగాళ్ళకే అనుకుంటాం. అది హాస్టల్ మైదానంలోనే మొదలుకావాలని నా అభిప్రాయం.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి సంగతి మీకు తెలుసు. కూలి పనులు చేసుకునే కుటుంబం. మేధోపరమైన వైకల్యం ఉందని ఊళ్ళో హేళన చేసినవాళ్ళున్నారు. ఆ అమ్మాయే 2024 మే నెలలో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆమె చేతికి కూడా ఎవరైనా స్కోరు పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టి ఉంటే?

ఇక మనం నేర్చుకోవలసినవి కొన్ని. కాలు బెణికితే వెంటనే ఆట ఆపాలి. గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు పెట్టాలి. ఐసు దొరక్కపోతే చన్నీళ్ళలో తడిపిన గుడ్డ చాలు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తులో పెట్టాలి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, మాలిష్ రెండూ వద్దు. నాలుగు అడుగులు వేయలేకపోతే, ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తప్పనిసరి. తలకు దెబ్బ తగిలి మగతగా ఉన్నా, వాంతి అయినా ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు, డాక్టరుకు చూపించాలి. ఎండలో ఆడుతూ పడిపోతే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, 108కి ఫోన్ చేయాలి.

వైకల్యం ఉన్నవాళ్ళకు కావలసిన జాగ్రత్తలు కూడా పెద్దవేమీ కావు. క్యాలిపర్ వేసుకునేవాళ్ళకు ఆట అయ్యాక దాని కింద చర్మం ఒరుసుకుందేమో చూడాలి. వినపడనివాళ్ళకు విజిల్‌తోపాటు జెండా ఊపాలి. మూర్ఛ ఉన్నవాళ్ళు మాత్రలు మానకుండా చూడాలి.

మరో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రెండు రౌండ్లకే ఆయాసపడే చెల్లిని "బద్ధకం" అని తిట్టేముందు రక్తపరీక్ష చేయించండి. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేయకండి.

మెస్‌కే డబ్బు చాలని హాస్టల్లో ఇవన్నీ ఎలా అంటారేమో. నేను అడిగేవి మూడే. మైదానం దగ్గర ఒక మందుల పెట్టె. ప్రథమ చికిత్స నేర్చుకున్న ఒక సారు లేదా మేడమ్, ఇద్దరు సీనియర్ విద్యార్థులు. ఎవరికి ఎప్పుడు ఏ దెబ్బ తగిలిందో రాసే ఒక నోటుపుస్తకం. వార్షికోత్సవం షామియానా ఖర్చులో కొంత తగ్గించుకుంటే పెట్టె వస్తుంది. మిగతా రెండింటికీ మనసుంటే చాలు. పూర్వ విద్యార్థులం ఆ మొదటి పెట్టె మేమే తెస్తాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నొప్పి దాచడం ధైర్యం కాదు. దెబ్బ తగిలితే చెప్పండి. వచ్చే ఏడాది పోటీల్లో స్కోరు పుస్తకం పట్టుకుని ఓ పక్కన కూర్చున్న నేస్తం కనిపిస్తే, "నువ్వేం ఆడతావు?" అని ఒక్కసారి అడగండి. మావాణ్ణి మేమెవరం అడగలేదు.

— ఒక పూర్వ విద్యార్థి