నమూనా సరికానిదే ఫలితం సరికాదు

వేరుశనగలో అఫ్లాటాక్సిన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా హెచ్.పి.ఎల్.సి. పరికరం కావాలన్న కోరిక వినిపిస్తుంది. కోరిక సమంజసమే. అయితే ఆ పరికరం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు స్పష్టంగా తెలియనిదే దాని ప్రయోజనం రైతుకు చేరదని నా అభిప్రాయం.

ఈ విధానపు మూలసూత్రం సరళమైనది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెత్, సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో ఆకుల వర్ణకాలను విడదీశాడు. నేటి పరికరంలో కొన్ని మైక్రాన్ల పరిమాణం గల సిలికా కణాలతో నింపిన ఉక్కు కాలమ్ స్థిర ప్రావస్థ. అధిక పీడనంతో దాని గుండా పంపే నీరు, మిథనాల్, అసిటోనైట్రైల్ మిశ్రమం చల ప్రావస్థ. కాలమ్‌ను గట్టిగా అంటిపెట్టుకొన్న పదార్థం ఆలస్యంగా, వదులుగా ఉన్నది ముందుగా వెలుపలికి వస్తాయి. సాధారణంగా వాడే సి18 కాలమ్‌లో జి2, జి1, బి2, బి1 ఈ క్రమంలోనే వస్తాయి. అతినీలలోహిత కాంతిలో అవి వెలువరించే ప్రతిదీప్తిని ప్రామాణిక ద్రావణాలతో పోల్చి పరిమాణాన్ని లెక్కిస్తారు. జల మిశ్రమంలో బి1, జి1 ల ప్రతిదీప్తి మందగిస్తుంది. కనుక ముందుగా వాటిని బ్రోమిన్ లేదా అయోడిన్‌తో చర్య జరుపుతారు.

కిలోకు ఒక మైక్రోగ్రాము, అనగా నూరు కోట్లలో ఒక భాగం, కంటె తక్కువను సైతం ఈ పరికరం పసిగట్టగలదు. కాని విషం రాశి అంతటా సమంగా ఉండదు; కొద్ది గింజలలోనే అధికంగా పేరుకొంటుంది. బస్తా పైనుండి తీసిన గుప్పెడు గింజలలో అవి లేకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా "విషం లేదు" అనే చెబుతుంది. ఐరోపా నిబంధనలు పెద్ద లాటులో 100 చోట్ల నుండి మొత్తం 20 కిలోలు సేకరించమనడానికి కారణమిదే.

వీరపునాయునిపల్లె, పులివెందుల ప్రాంతాల వర్షాధార వేరుశనగకు ఈ విషయం మరింత ముఖ్యం. పంట చివరి 3 నుండి 6 వారాలలో బెట్ట ఏర్పడి నేల వేడెక్కితే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం కాయలోనికి చొరబడుతుంది. కోసిన తరువాత కాయలు సరిగా ఆరకపోయినా, యంత్రంలో ఒలిచేందుకు వాటిని తడిపినా బూజు పెరుగుతుంది. కనుక నమూనాతోపాటు చివరి వాన, కోత తేదీ, ఆరబెట్టిన తీరు, గింజల తేమ శాతం నమోదు కావాలి. ఇవి లేని అంకె రైతుకు దారి చూపదు.

నేరుగా తినే వేరుశనగలో బి1 కు 2, మొత్తం అఫ్లాటాక్సిన్లకు 4 మైక్రోగ్రాములు ఐరోపా పరిమితి. ఎగుమతి సరుకును ఈ కొలతతో పరీక్షిస్తాము. ఏరివేసిన గింజలు మాత్రం గానుగకు చేరతాయి. విషంలో అధికభాగం నూనెలోకి కాక చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క తిన్న పశువుల పాలలో ఎం1 రూపంలో బయటపడుతుంది. బి1 కాలేయ క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయినది. పరాయి దేశపు వినియోగదారునికి ఇచ్చే రక్షణ మన ఊరి పసిబిడ్డకు లేకపోవడం న్యాయమా?

ప్రతి మండలానికీ హెచ్.పి.ఎల్.సి. అవసరం లేదు. గ్రామస్థాయిలో సక్రమ నమూనా సేకరణ, ఎలిసా పరీక్షతో వడపోత, అనుమానించిన వాటికి మాత్రమే హెచ్.పి.ఎల్.సి. నిర్ధారణ చాలు. ఫలితం ఆలస్యం కాకుండా, రైతుకు అర్థమయ్యే భాషలో అందాలి. విద్యార్థులకు పరికరం నడపడం నేర్పే ముందు బస్తా నుండి నమూనా తీయడం నేర్పుదాం.