దూత తప్పు చేస్తే

సుందరకాండలో విభీషణుడి మాటను మనం తరచుగా సగమే చెప్పుకుంటాం. దూతను చంపరాదన్నాడు, నిజమే. కానీ అక్కడితో ఆగలేదు. అంగవైకల్యం కలిగించవచ్చు, కొరడాతో కొట్టించవచ్చు, తల గొరిగించవచ్చు, ఒంటిమీద ముద్ర వేయించవచ్చు అని అన్నగారికి ఒక పట్టిక కూడా అందించాడు. హనుమంతుడు అప్పటికే అశోకవనాన్ని ధ్వంసం చేసి, అక్షకుమారుణ్ణి చంపి ఉన్నాడు. స్థానిక చట్టాన్ని అతిక్రమించిన దూతను ఏం చేయాలన్న చర్చ మనకు కొత్తదేమీ కాదన్నమాట. ఇక తిరుపతి వేంకట కవుల పుణ్యమా అని రాయబారం పద్యాలు తెలియని తెలుగు పల్లె ఉండేది కాదు. కృష్ణుణ్ణి కట్టివేయబూనటం అన్యాయమని నేలమీద కూర్చుని నాటకం చూసేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పడమటివారికి ఈ జ్ఞానం కాస్త ఆలస్యంగా చట్టరూపం దాల్చింది. 1708లో లండనులో రష్యా రాయబారిని బాకీలవాళ్ళు పట్టించి నిర్బంధించారు. జార్ చక్రవర్తి మండిపడ్డాడు. బ్రిటిషు పార్లమెంటు హడావిడిగా రాయబారుల రక్షణకొక చట్టం చేసింది. ఇప్పుడు లోకమంతా అనుసరిస్తున్నది 1961 నాటి వియన్నా ఒప్పందం. దాని ప్రకారం దౌత్యాధికారిని అరెస్టు చేయరాదు, ఆతిథ్య దేశపు క్రిమినల్ కోర్టులో విచారించరాదు. అదే ఒప్పందంలోని 41వ అధికరణం స్థానిక చట్టాలను గౌరవించటం అతని విధి అంటుంది. 32వ అధికరణం ప్రకారం ఈ రక్షణను వదులుకునే హక్కు అతణ్ణి పంపిన దేశానిది. అంటే గొడుగు రాజ్యానిది, దాని నీడన నిలబడినవాడు మాత్రమే అధికారి.

గొడుగు ముడిచిన రాజ్యాలు అరుదుగానైనా ఉన్నాయి. 1997 జనవరిలో వాషింగ్టనులో జార్జియా దేశపు దౌత్యాధికారి ఒకడు తాగి కారు నడిపి పదహారేళ్ళ బాలిక మరణానికి కారకుడయ్యాడు. అధ్యక్షుడు షెవార్డ్‌నాడ్జే రక్షణను ఉపసంహరించాడు. ఆ అధికారి నేరం ఒప్పుకున్నాడు, 7 నుండి 21 ఏళ్ళ శిక్ష పడింది. చిన్న దేశం, అమెరికా సాయం అవసరమైన దేశం, అందుకే తలొగ్గింది అనేవారున్నారు. కావచ్చు. అయినా ఆ బాలిక తల్లిదండ్రులకు న్యాయస్థానపు గడప తొక్కే అవకాశం దక్కింది కదా!

మన సంగతికి వద్దాం. 2013 డిసెంబరులో న్యూయార్కులో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. పనిమనిషి వీసా పత్రాల్లో గంటకు 9.75 డాలర్ల జీతమని రాసి, వాస్తవంలో నెలకు 30,000 రూపాయలకు వేరే ఒప్పందం చేసుకున్నారన్నది అభియోగం. ఆ లెక్కన గంటకు 3.31 డాలర్లని ప్రాసిక్యూటర్లు తేల్చారు. బట్టలు విప్పించి తనిఖీ చేశారన్న వార్తతో దేశం భగ్గుమంది. ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందున్న అడ్డుకట్టలను తొలగించారు. కాన్సులేటువారి గుర్తింపు కార్డులు వెనక్కి అడిగారు. కేసు పెట్టిన ప్రాసిక్యూటరూ, నిందితురాలూ, ఫిర్యాదుదారూ, ముగ్గురూ ఈ గడ్డమీద పుట్టినవారే కావటం మరో విచిత్రం.

న్యాయం ఎవరి పక్షాన ఉంది? కాన్సులేటు ఉద్యోగులకు వర్తించేది 1963 నాటి వేరే ఒప్పందం. అందులో రక్షణ పరిమితం, అధికార విధులకే చెల్లుతుంది. పనిమనిషి జీతం అధికార విధి అనటం కష్టం. అయితే విచారణకు ముందు అరెస్టు ఘోరమైన నేరాలకే అన్న నియమమూ అందులోనే ఉంది. జీతం తగాదాను ఘోరనేరంగా లెక్కగట్టి ఒక స్త్రీని అలా అవమానించటం నాకు నేటికీ మింగుడుపడదు. 2014 జనవరిలో ఆమెను ఐక్యరాజ్యసమితి కార్యాలయానికి బదిలీ చేసి, పూర్తి రక్షణ సంపాదించి, స్వదేశానికి రప్పించారు. ఆ రక్షణ కారణంగానే మార్చిలో కోర్టు అభియోగపత్రాన్ని కొట్టివేసింది, ప్రాసిక్యూటర్లు రోజుల వ్యవధిలో మరొకటి దాఖలు చేశారు.

ఇంత ఆగ్రహంలో ఆ పనిమనిషి పేరెత్తినవారు ఎంతమంది? ఆమె కూడా మన పౌరురాలే. పరాయి దేశంలో చిన్న ఉద్యోగికి అన్యాయం జరిగిందన్న ఆరోపణపై మన రాజ్యం పెద్ద ఉద్యోగి పక్షాన మాత్రమే నిలిచింది. గల్ఫు దేశాలకు ఇళ్ళల్లో పనికి వెళ్ళే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళను తలచుకుంటే ఈ మౌనం మరింత బాధిస్తుంది.

రెండేళ్ళు తిరగకుండానే పాత్రలు తారుమారయ్యాయి. 2015 సెప్టెంబరులో గుర్‌గావ్‌లోని ఒక ఫ్లాటు నుండి ఇద్దరు నేపాలీ స్త్రీలను పోలీసులు విడిపించారు. నిర్బంధం, అత్యాచారం అన్నవి ఆరోపణలు. నిందితుడు సౌదీ దౌత్యాధికారి, సౌదీ ఎంబసీ ఆరోపణలను ఖండించింది. కొద్దిరోజులకే అతడు దేశం విడిచి వెళ్ళాడని మన విదేశాంగ శాఖ ప్రకటించింది. న్యూయార్కులో మనం పట్టిన గొడుగే ఇక్కడ మన కళ్ళముందు మరొకడికి పట్టారు.

అలాగని రక్షణనే రద్దు చేయమనను. 1984లో లండనులోని లిబియా కార్యాలయం కిటికీలోంచి కాల్పులు జరిపి ఒక మహిళా పోలీసును చంపారు. బ్రిటన్ పదకొండు రోజులు ముట్టడించి, చివరికి లోపలివాళ్ళను దేశం దాటించి ఊరుకుంది. ట్రిపోలీలో తన మనుషులున్నారన్న భయమే అందుకు ముఖ్య కారణం. ఆ భయం అర్థరహితం కాదు. కానీ ఇంట్లో పనిచేసే మనిషికి జీతం ఎగ్గొట్టటంలో, ఆమెను బంధించటంలో ఏ దేశపు రాయబారం ఉంది? అక్కడ రక్షణ అడ్డుచెప్పకూడదనీ, పంపిన దేశం దాన్ని ఉపసంహరించని పక్షంలో బాధితురాలి నష్టపరిహారం ఆ దేశమే భరించాలనీ నా వాదన.

2022 జులైలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ దారిలో ఒక అడుగు వేసింది. ఒక ఫిలిప్పీన్స్ మహిళ తన యజమాని అయిన సౌదీ దౌత్యవేత్తపై వేసిన దావాలో, ఆరోపణలు నిజమైతే అటువంటి దోపిడీ వాణిజ్య కార్యకలాపం కిందికి వస్తుందనీ, దానికి రక్షణ లేదనీ తీర్పిచ్చింది. అయిదుగురిలో ముగ్గురు అలా అన్నారు, ఇద్దరు విభేదించారు. అది జీతభత్యాల దావా, అంటే సివిల్ వ్యవహారం. క్రిమినల్ కేసుల్లో మాత్రం గొడుగు ఎప్పటిలాగే విప్పి ఉంది.