ఎయిర్‌బ్యాగులు ఆరు... మరి తుంటికి?

కారు కొనేటప్పుడు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్న- ‘ఎయిర్‌బ్యాగులు ఎన్ని?’. ఆరు తప్పనిసరి చేస్తామంటూ కేంద్రం 2022 జనవరిలో ముసాయిదా తెచ్చింది. గడువు 2023 అక్టోబరుకు జరిగింది. చివరికి తప్పనిసరి చేయబోమని మంత్రి నితిన్‌ గడ్కరీ ప్రకటించారు. చర్చంతా అంకె చుట్టూనే తిరిగింది. ఏ బ్యాగు ఒంట్లో ఏ భాగాన్ని కాపాడుతుందన్నది మాత్రం మరుగున పడింది.

ముఖ్యంగా పక్క నుంచి గుద్దినప్పుడు ఇది కీలకం. కారు ముందుభాగంలో బానెట్‌, ఇంజిన్‌ నలిగేలోపు దెబ్బ జోరు కొంత తగ్గుతుంది. పక్కన ఉండేది తలుపొక్కటే. హైవే మీద డివైడర్‌ సందులోంచి యూటర్న్‌ తీసుకునే కారును ఊహించుకోండి. ఆ కాసేపూ దాని పక్కభాగమంతా వచ్చే వాహనాలకు అడ్డంగా ఉంటుంది. ఏ లారీయో గుద్దితే తలుపు లోపలికి చొచ్చుకొచ్చి నేరుగా తుంటిని తాకుతుంది. ఆ బలం తొడ ఎముక తల మీదుగా తుంటి గిన్నెలోకి, అక్కడ్నుంచి కటి ఎముకల వలయంలోకి పోతుంది. గిన్నె చిట్లొచ్చు, కటి ముందువైపు ఎముకలు విరగొచ్చు. మూత్రాశయమూ దెబ్బతినొచ్చు. కటి చుట్టూ రక్తనాళాలు ఎక్కువ. పైకి చుక్క రక్తం కనిపించకపోయినా లోపల లీటర్ల కొద్దీ పోవచ్చు.

ఆరు బ్యాగుల్లో రెండు ఎదురు దెబ్బ కోసం. కిటికీల పైనుంచి తెరలా దిగే రెండూ తలను కాపాడతాయి. మిగతా రెండు ముందు సీట్ల పక్కన ఉంటాయి. ఇవి ప్రధానంగా ఛాతీ కోసం. కొన్ని మోడళ్లలోనే తుంటి వరకూ వస్తాయి. వెనక కూర్చున్నవారి తుంటికి చాలా కార్లలో ఏమీ ఉండదు. మన ఇళ్లలో అమ్మమ్మ, తాతయ్య కూర్చునేది అక్కడే కదా! ఎముకలు గుల్లబారిన వయసులో కటి విరగటానికి పెద్ద దెబ్బే అక్కర్లేదు.

2023 అక్టోబరులో మొదలైన భారత్‌ ఎన్‌క్యాప్‌ పరీక్షలో పెద్దల రక్షణకు 32 మార్కులు. వీటిలో 16 పక్క దెబ్బవే. గంటకు 50 కి.మీ. వేగంతో గుద్దించి తల, ఛాతీ, పొట్ట, కటికి విడివిడిగా మార్కులేస్తారు. స్టార్లు చూసి సరిపెట్టుకోకుండా నివేదికలో కటికి ఎన్ని వచ్చాయో చూడండి. ఇందులోనూ పెద్దల డమ్మీని కూర్చోబెట్టేది ముందు సీట్లోనే. వెనక అమ్మమ్మ సంగతి ఈ మార్కులు చెప్పవు. ఇది సరిదిద్దాల్సిన లోటే.

వెనక సీటు బెల్టు మాటేమిటి? గుద్దిన వైపు ఉన్నవారి తుంటిని అది అంతగా కాపాడలేదు. కానీ అవతలివైపు వారు విసురుగా వచ్చి వీరి మీద పడకుండా ఆపుతుంది. ఎవరూ బయటికి ఎగిరిపడకుండానూ చూస్తుంది.

ప్రమాదం తర్వాత గజ్జల్లో నొప్పి, కాలు కదపలేకపోవటం, మూత్రంలో రక్తం ఉంటే కటి విరిగిందనే అనుకోవాలి. లేపి నడిపించి చూడొద్దు. తుంటిని నొక్కొద్దు. 108కి ఫోన్‌ చేసి, సిబ్బందికి ఈ అనుమానం చెప్పండి. వాళ్లు తొడలు మొదలయ్యే చోట పట్టీ బిగిస్తారు. దగ్గర్లో ఉందని చిన్న ఆసుపత్రికి కాకుండా సీటీ స్కాన్‌, రక్తం ఎక్కించే సదుపాయం, ఎముకల సర్జన్‌ ఉన్నచోటికి వెళ్లటం మేలు. ఖర్చుకు వెనకాడాల్సిన పని లేదు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద ఏడు రోజుల వరకూ, రూ.1.5 లక్షల దాకా నగదు కట్టకుండానే చికిత్స ఇవ్వాలి.