ట్యూబు మీద తేలే బతుకులు

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల మీదనే మనం ఏళ్లకేళ్లు కొట్లాడాం. అందులో మొదటి మాట నీళ్లు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడికతీత మొదలైంది. 2016 నుంచి సర్కారు చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు పోసింది. ఆ పనుల తీరు మీద మాకు తకరార్లు ఉండొచ్చు. కానీ చెరువులో నీళ్లు, నీళ్లలో చేప మనం కోరుకున్నవే. మరి ఆ చేపను పట్టడానికి మన ముదిరాజ్, గంగపుత్ర బిడ్డ దేని మీద పోతున్నాడు? చాలా ఊళ్లలో గాలి కొట్టిన లారీ ట్యూబు మీద!

దానికి అడుగు లేదు, అంచు లేదు. కాళ్లు నీళ్లలో, ఒడిలో వల, చేతులే తెడ్లు. ట్యూబు లేనివాళ్లు థర్మాకోల్ దిమ్మెలు కట్టుకుని పోతారు. పెద్ద చేప గుంజినా, ఈదురు గాలి కొట్టినా, మనిషి ఒక పక్కకు ఒరిగినా అది తిరగబడుతుంది. సర్కారు తుమ్మ ముల్లు దిగితే గాలి పోతుంది. ఈత రాదా అంటారా? వల కాళ్లకు చుట్టుకుంటే గజ ఈతగాడూ మునుగుతాడు. మట్టి కోసం తవ్విన గుంతలు నీళ్ల కింద కనబడవు. పైగా మునిగేవాడు సినిమాలో లాగా కేకలు పెట్టడు. ఊపిరి తీసుకోవడానికే సందు దొరకనివాడికి కేక ఎక్కడి నుంచి వస్తుంది? గట్టు మీద ఉన్నవాళ్లకు కూడా తెలియకుండానే అంతా అయిపోతుంది.

బయటికి తీస్తే గండం గడిచినట్టేనా? ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ప్రాణం దక్కినా మాట, నడక, జ్ఞాపకం పోయి మంచాన పడేవాళ్లున్నారు. మన ఊళ్లలో ఇప్పటికీ కడుపు ఒత్తి, తలకిందులు చేసి నీళ్లు కక్కించాలని చూస్తారు. అది తప్పు. ఊపిరి ఆడకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊదాలి, ఛాతీ మీద ఒత్తాలి, 108కు ఫోన్ చేయాలి. తేరుకున్నా సరే, దవాఖానకు తీసుకుపోవాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు కొన్ని గంటల తర్వాత కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. అందులో మన కడిపికొండ వాళ్లూ ఉన్నారు. పడవను బయటికి తీసేదాకా, 38 రోజులు, దేశమంతా మాట్లాడింది. మాట్లాడాల్సిందే. 2020 ఆగస్టులో నారాయణపేట జిల్లా పంచదేవ్‌పహాడ్ దగ్గర కృష్ణలో పుట్టి మునిగి నలుగురు కొట్టుకుపోతే రెండు రోజులు మాట్లాడుకున్నాం. ట్యూబు మీంచి పడి పోయినవాడికి జిల్లా పేజీలో నాలుగు లైన్లు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో పడవ బోల్తాకు ఒక గడి ఉంది, ప్రమాదవశాత్తు నీళ్లలో పడటానికి ఒక గడి ఉంది. పని చేస్తూ ట్యూబు మీంచి పడ్డవాడికి గడి లేదు. లెక్కలో లేని చావుకు బడ్జెట్‌లో పైసా ఎక్కడి నుంచి వస్తుంది?

2021లో ప్రపంచంలో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో నూటికి తొంభై మందికి పైగా పేద, మధ్యతరగతి ఆదాయ దేశాల వాళ్లే. నీళ్లకు కులం, వర్గం తెలియదంటారు. జాకెట్‌కు మాత్రం బాగా తెలుసు!

మత్స్యకారుడు ప్రమాదంలో చనిపోతే కేంద్ర పథకం కింద 5 లక్షల బీమా ఉంది. మంచిదే. కానీ ఆ 5 లక్షలతో ఒక సంఘంలోని ప్రతి మనిషికీ చావుకు ముందే లైఫ్ జాకెట్ కొనివ్వొచ్చు కదా! శవానికి ఖరీదు కట్టే సర్కారు మనిషికి జాకెట్ కట్టలేదా? సంఘంలో సభ్యత్వం లేని కూలికి ఆ బీమా ఆశ కూడా లేదు.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. చేపపిల్లలు పోసే ప్రతి చెరువుకూ లెక్కగా జాకెట్లు, గట్టున ఒక తాడు, ట్యూబు స్థానంలో అడుగున్న చిన్న పడవ ఇవ్వాలి. సభ్యత్వంతో పని లేకుండా వల వేసే ప్రతి మనిషికీ బీమా ఉండాలి. ట్యూబు చావులకు వేరే లెక్క ఉండాలి.

సర్కారు ఇచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోవద్దు. యూనివర్సిటీల్లో కొట్లాడిన విద్యార్థులు సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఊపిరి పోసే పద్ధతి పది మందికి నేర్పాలి. సకల జనుల సమ్మెలో 42 రోజులు నిలబడ్డ ఉద్యోగులు తమ మండలంలో ఏ చెరువుకు జాకెట్లు ఉన్నాయో, దేనికి లేవో ఫైలులోకి ఎక్కించాలి. ఒంటరిగా చెరువులోకి పోవద్దని మన అన్నదమ్ములకు మనమే చెప్పాలి.

నీళ్ల కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రం ఇది. ఆ నీళ్లలోకి దిగిన మనిషి పొద్దుగూకేసరికి ఇంటికి చేరాలి. నీళ్లలో మన వాటా అంటే టీఎంసీల లెక్క ఒక్కటే కాదు, ఇది కూడా!