నవ్వు ఎవరి మీద?

ఈ వారం ఉత్తరాలలో రఘునాథపల్లి నుంచి వచ్చినదొకటి వున్నది. పుటంతా దానికే ఇస్తున్నాను. రాసినావిడ తన పేరు వేయవద్దన్నారు, వేయటం లేదు. సారాంశం ఇది:

“మావాడికి ఇరవై మూడేళ్లు. హైదరాబాదులో వుద్యోగం. శని, ఆదివారాలు ఏదో కాఫీ హోటల్లో మైకు పట్టుకుని, ఒక్కడే నిలబడి జనాన్ని నవ్విస్తాడట. అంతవరకూ బాగానే వున్నది. కాని తాను ఆడపిల్లలను కాదు, మగవాళ్లను ప్రేమించే మనిషినని ఆ మైకులోనే చెబుతున్నాడు. పోయిన దసరాకు వచ్చినప్పుడు ఆ సంగతి మాకూ చెప్పాడు. వాళ్ల నాన్నగారు ఆనాటి నుంచి వాడితో మాట్లాడటం లేదు. నేను మాట్లాడుతున్నాను గాని ఏం మాట్లాడాలో తోచటం లేదు. నలుగురూ వాడిని చూసి నవ్వుతారని నా భయం. ఆ పని మానిపించమంటారా?”

అమ్మా, మానిపించవద్దు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలన్న మాట నేనూ ఎరుగుదును. కాని నవ్వులపాలు కావటం వేరు, నవ్వించటం వేరు. మొదటిదానిలో మనిషి తల వంచుకుని నిలబడతాడు. రెండోదానిలో పగ్గాలు అతని చేతిలో వుంటాయి. మీ అబ్బాయి మొదటి చోటు నుంచి రెండో చోటికి నడవటానికే తంటాలు పడుతున్నాడు.

ముందు ఆ విద్య సంగతి చూద్దాం. దాన్ని స్టాండప్ కామెడీ అంటారు. వేషం లేదు, హార్మోనియం లేదు, తోటి నటుడు లేడు. ఒక మనిషి, ఒక మైకు. కొత్తవాళ్ల కోసం ‘ఓపెన్ మైక్’ అని వొక ఏర్పాటు వుంటుంది. పేరిచ్చుకున్నవారికి తలా నాలుగైదు నిమిషాలు ఇస్తారు. గడువు దగ్గరపడగానే వెనకనుంచి దీపం చూపిస్తారు. దిగిపోవాలి. డబ్బు సాధారణంగా వుండదు. ఆ ఐదు నిమిషాల సరుకునే పదిచోట్ల చెప్పి, నవ్వు రాని చోట మాట కోసేసి, మళ్లీ చెప్పి చూసుకోవాలి. నవ్వు పుట్టించే మాట వాక్యం చివర పడాలి. దాని తరువాత ఇంకొక్క మాట అన్నా నవ్వు చచ్చిపోతుంది. హరిదాసుగారు పిట్టకథ చెప్పి, చివరి మాట దగ్గర చిడతలు ఆపి వూరుకునేది ఇందుకే. కనుక ఇది తిరుగుబోతుల కాలక్షేపం కాదు. సాధన కావలసిన విద్య.

పైగా మీ నేలకు పరాయిదీ కాదు. మీ రఘునాథపల్లి ఒకప్పుడు వరంగల్లు జిల్లా. 2016 నుంచి జనగామ జిల్లా. ఆ జిల్లాలోనే మాణిక్యాపురంలో ఒగ్గు కథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్యగారు వుండేవారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుని 2017లో కన్నుమూశారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లిలోని చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. వరంగల్లులో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్‌గారు ఒట్టి గొంతుతోనే ప్రపంచం చుట్టి, 1971లో ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చారు. పదిమందిలో నిలబడి మెప్పించటం ఇంటి పరువుకు తక్కువ పని కాదని చెప్పటానికే వీరి పేర్లు ఎత్తాను.

ఇక మీ భయంలోని రెండో సగం. పని మీద కాదు, మనిషి మీద నవ్వుతారన్నది. ఆ భయం వూరికే పుట్టింది కాదు. నడకలో, మాటలో కాస్త సుకుమారం వున్న మగవాడు కనపడితే చాలు, మన సినిమాలు దశాబ్దాల తరబడి అతన్ని నవ్వుకు ముడిసరుకుగా వాడుకున్నాయి. బొమ్మ ముగిశాక ఆ నవ్వు బడికి, బస్సుకు, బజారుకు వచ్చింది. అటువంటి పిల్లలు ఎంతమంది ఆ నవ్వును భరిస్తూ పెరిగారో ఎవరు లెక్క కట్టారు?

ఈ బాధ మీకు తెలియనిది కాదమ్మా. మీరు ఇంట్లో మాట్లాడే యాసను ఆలోచించండి. తెలుగు సినిమాలో తెలంగాణ యాస చాలాకాలం రౌడీకో, హాస్యగాడికో దక్కింది, కథానాయకుడికి దక్కలేదు. రాసినవాడు వేరు, నవ్వినవాడు వేరు, నవ్వులపాలైంది మీరు. తరువాత ఏమైంది? 2017లో ‘ఫిదా’ కథానాయిక ఆ యాసలోనే మాట్లాడింది. 2023లో ‘బలగం’ ఇంటిల్లిపాదినీ ఆ యాసలోనే నవ్వించి, ఏడిపించింది. దాన్ని తీసిన వేణు యెల్దండి ‘జబర్దస్త్’లో నవ్వించిన మనిషే. యాస మారలేదు. చెప్పేవాడు మారాడు, అంతే.

ఆ ‘జబర్దస్త్’ 2013లో మొదలైంది. అందులో మగవాళ్లు ఆడవేషాలు కట్టడం, జనం పడిపడి నవ్వడం మనమంతా చూసిందే. అలా ఆడవేషాలు వేసినవారిలో ఒకరు, అది వేషం కాదు, తాను స్త్రీనేనని చెప్పుకున్నారు. ప్రియాంకా సింగ్ అనే పేరుతో 2021లో ‘బిగ్ బాస్’ ఐదో విడతలో పోటీదారుగా నిలిచారు. చీర అదే. ఇదివరకు దాని మీది మాట ఇంకొకరు రాసి ఇచ్చింది. ఇప్పుడు ఆమె సొంతం. మీ అబ్బాయి మైకు పట్టుకోవటంలోని అర్థమూ ఇదే.

అయితే మైకు చేతికొచ్చినంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. ఇందుకు సముద్రాల అవతలి వుదాహరణ ఒకటి వున్నది. ఆస్ట్రేలియాలో టాస్మేనియా అనే దీవి. అక్కడ స్మిత్‌టన్ అనే చిన్న వూళ్లో పెరిగారు హానా గాడ్స్‌బీ. స్వలింగ ప్రేమ ఆ దీవిలో 1997 దాకా నేరం. 2006లో కొత్తవాళ్ల హాస్యపోటీలో గెలిచి, ఏళ్ల తరబడి తన రూపం మీద, తన ప్రేమ మీద తానే చెణుకులు వేసుకుని పేరు సంపాదించారు. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘నానెట్’ అనే ప్రదర్శనలో ఆ దారి ఇక వద్దన్నారు. అసలే అంచున నిలబడినవాడు తన్ను తాను తక్కువ చేసుకుంటే అది వినయం కాదు, అవమానం అన్నది వారు చెప్పిన సారం.

మీ అబ్బాయికి చూపించవలసింది ఈ సంగతి. మొదట్లో అందరికీ తేలికగా దొరికేది తమ్ము తాము తిట్టుకునే నవ్వు. ఇంకొకడు అనకముందే నేనే అనేసుకుంటానన్న తొందర. ఆ నవ్వు గలగలా వస్తుంది. ఇంటికి వెళ్లాక గుచ్చుకుంటుంది. ‘నేను ఇలాంటివాడిని, నవ్వండి’ అనటం కాదు. ‘నేను ఇలాంటివాడినని తెలిసి మా మేడమీది అద్దెవాళ్లు ఏం చేశారో చూడండి’ అనాలి. అక్కడ నవ్వు అతని మీద పడదు, లోకం తీరు మీద పడుతుంది. మన దేశంలో వాసు ప్రిమ్లానీ అనే ఆమె తాను స్త్రీలను ప్రేమించే స్త్రీనని వేదిక మీదే చెప్పి నవ్వించారు. ఆమెకు కేంద్ర ప్రభుత్వం 2015 సంవత్సరపు నారీశక్తి పురస్కారం ఇచ్చింది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. పోలీసుల భయం మీ ఉత్తరంలో పైకి కనపడకపోయినా లోపల వుండే వుంటుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షను వుండేది. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య సంబంధానికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. 2024 జూలై 1న వచ్చిన కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. నైజాము కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో, ఇంకొక చట్టం వుండేది. నపుంసకులని సర్కారు జాబితాలో పేరు ఎక్కినవారు ఆడబట్టలతో వీథిలో కనపడినా, పదిమందిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చునని అందులో వుంది. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసింది. అయితే స్వలింగ వివాహానికి మాత్రం చట్టబద్ధత లేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ పని తనది కాదన్నది.

ఇది జబ్బేమోనని ఎవరైనా మిమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 1990లోనే రోగాల జాబితా నుంచి తీసివేసింది. మారుస్తామని వైద్యం చేయటం వృత్తికి తగని నడవడి అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని చుట్టాలు అంటారు. ఆ మాట అసలు వినవద్దు. ఒక ఇంటి పిల్లను తెచ్చి ఆమె బతుకును మీ ధైర్యానికి వెల కట్టకండి.

ఇక మీకూ మీ అబ్బాయికీ మధ్య కుదరవలసిన ఒప్పందం ఒకటి వున్నది. ఈ రోజుల్లో ఎవరి చేతిలో చూసినా ఫోనే. రాత్రి హైదరాబాదులో అన్న మాట, పొద్దున పాసింజరు రఘునాథపల్లి స్టేషనులో ఆగకముందే మీ వీథిలో వినపడవచ్చు. కనుక ముందే కూర్చుని మాట్లాడుకోండి. అమ్మ పచ్చిపులుసు మీద చెణుకు వేసుకో, అమ్మ ఏడ్చిన రాత్రి మీద వేయకు అని చెప్పండి. కొత్త సరుకు ఫోనుల్లోకి ఎక్కేముందు ఆ కబురు ఇంట్లో తెలియాలని అడగండి. తన రహస్యం చెప్పుకునే హక్కు అతనికి వున్నది. అతని స్నేహితుడి రహస్యం చెప్పే హక్కు లేదు. వేదిక ఏ సంగతీ దాచుకోదని గుర్తు చెయ్యండి. ఈ విద్య కూడు పెట్టేదాకా వుద్యోగం వదలవద్దని కూడా గట్టిగా చెప్పండి. ఇది ఏ తల్లి అయినా ఏ కళాకారుడికైనా చెప్పే మాటే.

మీ వారి మౌనం గురించి ఒక్క మాట. కోపంగా తిట్టే తండ్రితో పిల్లవాడు వాదించగలడు. మాట్లాడని తండ్రితో ఏం చేయగలడు? ఈ సంగతి ఒప్పుకోవటానికి ఆయనకు వ్యవధి కావాలి, ఇవ్వండి. కాని ‘తిన్నావా?’ అన్న మాటకు ఆ ఒప్పుకోలు అక్కరలేదు. ఆ ఒక్క మాట ఈ ఆదివారం నుంచే ఫోనులో అడగమనండి.

వీలైతే ఒక శనివారం మీరిద్దరూ హైదరాబాదు బండి ఎక్కండి. చెప్పి వెళ్లండి, చెప్పకుండా వెళితే మిమ్మల్ని చూసి కుర్రవాడి గొంతు ఎండిపోతుంది. వెనుక వరుసలో కూర్చోండి. నవ్వు రాకపోతే నవ్వవద్దు. మొహమాటానికి నవ్వే అమ్మానాన్నల వల్ల ఈ విద్యలో ఎవరూ బాగుపడలేదు. వస్తే మాత్రం బిగపట్టుకోకండి.