అన్నదొకటి, విన్నదొకటి

2024వ సంవత్సరము జనవరి 2వ తేదీ సాయంకాలము టోక్యోలోని హనేడా విమానాశ్రయమున, తీరరక్షక దళమునకు చెందిన చిన్న విమానమొకటి రన్‌వే మీదికి వచ్చి నిలిచెను. అది నోటో భూకంప పీడితులకు సహాయ సామగ్రిని చేరవేయవలసిన విమానము. అంతలో జపాన్ ఎయిర్‌లైన్స్ వారి పెద్ద విమానము అదే రన్‌వే మీద దిగుచు దానిని ఢీకొన్నది. పెద్ద విమానములోని 379 మందియు బయటపడిరి. చిన్నదానిలోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. కంట్రోల్ టవరు వారు ఆ చిన్న విమానమునకు చెప్పిన మాట, రన్‌వేకు ఇవతల ఆగుచోటు వరకు రమ్మని. దాని వెంట ‘నంబర్ వన్’ అనియు నొక మాట చేర్చిరి. ప్రాణములతో మిగిలిన కెప్టెను, రన్‌వే మీదికి పోవుటకు అనుమతి లభించినదనియే తాను తలచినట్లు చెప్పెను.

‘నంబర్ వన్’ అనగా వరుసలో మొదటివాడవని మాత్రమే అర్థము. మాటలో దోషము లేదు. పంక్తిలో మొదట కూర్చుండుమన్నంతనే విస్తరి వడ్డించినట్లు భావించువారు మనలోనూ లేకపోలేదు. ప్రమాదానంతరము జపాన్ ప్రభుత్వము ఆ వరుస సంఖ్యలు చెప్పు పద్ధతిని కొంతకాలము నిలిపివేసినది.

మన దేశమున ఇంతకు అనేక రెట్లు ఘోరమైనది 1996 నవంబరు 12న జరిగినది. ఢిల్లీ నుండి పైకి లేచుచున్న సౌదీ బోయింగ్ 747, ఢిల్లీకి దిగివచ్చుచున్న కజకిస్తాన్ ఇల్యూషిన్-76, హర్యానాలోని చర్ఖీ దాద్రీ పట్టణమునకు పైన ఢీకొన్నవి. సౌదీ విమానములో 312 మంది, రెండవదానిలో 37 మంది, మొత్తము 349 మందిలో ఒక్కరును మిగులలేదు. సౌదీ విమానము 14,000 అడుగుల వరకే లేవవలెను. కజక్ విమానము 15,000 అడుగులకు తగ్గరాదు. నడుమ వేయి అడుగుల ఎడము. ఆనాడు ఢిల్లీలోని రాడారు విమానమెంత దూరముననున్నదో చూపునే గాని ఎంత యెత్తున నున్నదో చూపదు. ఎత్తు విషయమున కంట్రోలరుకు ఆధారము పైలట్ నోటిమాటయే.

ఆ సంభాషణ చదివినప్పుడు నా దృష్టి ఒకచోట ఆగిపోయినది. ఎదురుగా బోయింగ్ వచ్చుచున్నది, కనబడినచో చెప్పుమని కంట్రోలరు అనెను. ఎన్ని మైళ్ళని కజక్ సిబ్బంది అడిగిరి. పదునాలుగు మైళ్ళని జవాబు. వెంటనే, పదుమూడు మైళ్ళు, ఎత్తు ‘ఒకటి నాలుగు సున్న’ అని మరల చెప్పెను. అనగా 14,000 అడుగులు. అది ఎదుటివాని ఎత్తు. పదునాలుగు మైళ్ళు, పదునాలుగు వేల అడుగులు రెండును క్షణముల వ్యవధిలో, పరభాషలో, చెవిని పడినవి. ఆ సంఖ్య తమకిచ్చిన ఆజ్ఞగా వారికి తోచెనో లేదో నిశ్చయించుట నా పని కాదు. కాని విమానము 15,000 అడుగుల కిందికి దిగినది. న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ విచారణ సంఘము, అనుమతి లేని ఆ దిగుదలయే కారణమని తేల్చి, కజక్ సిబ్బందికి ఆంగ్లము చాలినంత రాదని కూడ చెప్పినది. రేడియోలో మాటలాడువాడు వేరు, విమానము నడుపువాడు వేరు అగుట మరియొక చిక్కు.

ఆంగ్లము రాకపోవుటయే దోషమన్నచో సమస్య సులభముగా ముగిసిపోవును. నాకా తీర్పు సగమే సమ్మతము. 2025 జనవరి 29న వాషింగ్టన్ నగరమున ప్రయాణికుల విమానము, సైనిక హెలికాప్టరు ఢీకొని 67 మంది మరణించిరి. అక్కడ ఇరుపక్షముల వారికిని ఆంగ్లమే వాడుక భాష. విమానమునకు వెనుకగా పొమ్మని టవరు చెప్పునప్పుడే హెలికాప్టరులోని వారు తమ మైకు మీట నొక్కిరి. సెకనులో పదింట ఎనిమిది వంతులు. ‘వెనుకగా’ అను ముఖ్యమైన మాట వారికి వినబడకపోయి యుండవచ్చునని దర్యాప్తువారు తెలిపిరి. ఈ రేడియోలో ఒకరు మాటలాడునప్పుడు రెండవవాడు మాటలాడినచో ఇద్దరి మాటయు చెడును. మన జువ్వలదిన్నె రేవు నుండి వేటకు పోవు పడవలవారికి వి.హెచ్.ఎఫ్. సెట్టుతో ఇది నిత్యానుభవమే.

1977 మార్చి 27న టెనెరిఫ్ ద్వీపమున జరిగినదియు ఇట్టిదే. పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానములు ఒకే రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించిరి. డచ్చి విమానపు సహపైలట్ ‘మేమిప్పుడు టేకాఫ్‌లో ఉన్నాము’ అను అర్థము వచ్చు మాట అనెను. బయలుదేరుటకు సిద్ధముగా నున్నారని కంట్రోలరు భావించి ‘ఓకే’ అనెను. ఆగుమని, నేను పిలిచెదనని కూడ అనెను. అదే క్షణమున, మేమింకను రన్‌వే మీదనే ఉన్నామని పాన్ అమెరికన్ వారు పలికిరి. రెండు మాటలును కలిసి కీచుమను ధ్వని అయినది. డచ్చివారికి స్పష్టముగా వినబడినది ఆ ‘ఓకే’ ఒక్కటే.

తెలుగు వ్యాకరణము చెప్పువానికి ఇందులో వింత లేదు. ‘వస్తున్నాను’ అని ఇంటినుండి ఫోనులో అన్నవాడు దారిలో ఉన్నాడా, ఇంకను చెప్పులు వెదకుకొనుచున్నాడా? మన వర్తమాన రూపము జరుగుచున్న పనికిని, ఇక జరుగబోవు పనికిని సమానముగా చెల్లును. ‘ఆఁ’ అన్నచో వింటిననియా, ఒప్పుకొంటిననియా, మరల చెప్పుమనియా? ఇంటిలో ఇవి ఇబ్బంది కావు, ముఖము కనబడును. రేడియోలో ముఖము లేదు. అందుచేతనే టెనెరిఫ్ తరువాత ‘టేకాఫ్’ అను మాటను నిజముగా అనుమతి ఇచ్చునప్పుడును, రద్దుచేయునప్పుడును తప్ప వాడరాదని నియమము చేసిరి. అంకెలను విడివిడిగా పలుకుదురు. ఐదుతో కలిసిపోకుండ తొమ్మిదిని ‘నైనర్’ అందురు. ఆజ్ఞ విన్నవాడు దానిని తిరిగి అప్పగించవలెను. అప్పగించినది సరిగా ఉన్నదో లేదో ఆజ్ఞ ఇచ్చినవాడు వినవలెను. ఈ రెండవ సగమునే మరతురు. వేదపండితులు జట, ఘన పాఠములలో పదములను ముందువెనుకలుగా తిప్పి చెప్పించినది ఈ భయముతోనే. మా బోగోలు మండలములోని బిట్రగుంట రైల్వేవారిని అడిగినను చెప్పుదురు: గేటు మూసితినన్న నోటిమాట చాలదు, ప్రైవేటు నంబరు కూడ ఇచ్చినగాని బండి కదలదు.

ఆకాశమున రేడియో అనగానే మనవారికి 2009 సెప్టెంబరు 2 జ్ఞప్తికి వచ్చును. ఉదయము బేగంపేటలో బయలుదేరిన ముఖ్యమంత్రి హెలికాప్టరు నల్లమలలో కూలి, మరునాటి వరకు జాడ తెలియలేదు. కాని అది మాట అపార్థమైన కథ కాదు, మాటయే ఆగిపోయిన కథ.

టెనెరిఫ్‌లో మరియొక విషయమున్నది. డచ్చి విమానములోని ఇంజనీరుకు సందేహము కలిగెను. ఆ పాన్ అమెరికన్ ఇంకను తొలగలేదా అని అడిగెను. తొలగినదని కెప్టెను గట్టిగా అనెను. ఆ కెప్టెను సంస్థలోనే పేరెన్నికగన్నవాడు. ఇంజనీరు మరల అడుగలేదు. ముప్పది మంది విద్యార్థులను ఎదుట కూర్చుండబెట్టుకొని ‘అర్థమైనదా?’ అని అడిగినచో ముప్పది తలలును ఊగును. పెద్దవారిని రెండవమారు అడుగుట అవిధేయతయని ఇంటనే నేర్పి పంపెదము.

అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ నియమము ప్రకారము, 2008 మార్చి నుండి అంతర్జాతీయ మార్గములలో పనిచేయు పైలట్లకును కంట్రోలర్లకును ఆంగ్లమున నాలుగవ స్థాయి యైనను ఉండవలెను. ఆ పరీక్షలో చూచునవి ఆరు: ఉచ్చారణ, వాక్యనిర్మాణము, పదసంపద, ధారాళత, అవగాహన, పరస్పర సంభాషణ. సందేహమున్నప్పుడు ఆపి అడుగుట ఈ ఆరవదానిలోనిది. దగదర్తిలో విమానాశ్రయమన్న మాట చాలకాలముగా వినబడుచున్నందున, మా ప్రాంతపు పిల్లలు కొందరు ఆ ఉద్యోగముల సంగతి అడుగుచుందురు. మొదటి ఐదింటికిని మా కళాశాలలలో ఏదో విధముగా పీరియడ్లున్నవి, ఆరవదానికి లేదు. ఆరింటిలో దేనిలో తక్కువ వచ్చినను అదియే మొత్తము స్థాయిగా లెక్కింతురు.